వీపు వెనక కొండ: రేవు బొమ్మలు వేసే ఒక మాస్టారి కేసు

చిత్రకారుల ఇళ్లకు వెళ్లి బొమ్మలు సర్దిపెట్టడం, పాడైన కాగితాలు బాగుచెయ్యడం, ప్రదర్శనకు ఏవి పెట్టాలో ఎంచడం నా పని. విజయనగరంలో ఒక గది, ఒక పెద్ద బల్ల, ఫ్రేములు కట్టే సామాను, అంతే. మామూలుగా ఒక్కో కేసుకు నా నోటు పుస్తకంలో రెండు పేజీలు చాలు. చెద పట్టింది, బూజు పట్టింది, రంగు అద్దానికి అంటుకుపోయింది, ఇలాంటివి. ఈ కేసు మాత్రం ఒక పుస్తకాన్ని పూర్తిగా మింగి రెండో దాంట్లోకి వెళ్లింది. మొదటి ఎనిమిది నెలలు నేను చెప్పిన సలహాల్లో చాలావరకు తప్పయ్యాయి కాబట్టే దీన్ని రాస్తున్నాను. మాస్టారి అనుమతి ఉంది. ఊరి పేరు చెప్పను. ఆయన వివరాలు కొన్ని, ఊళ్లో గుర్తులు కొన్ని కావాలనే మార్చాను.

నేపథ్యం

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపల ఇల్లు. చిన్నప్పుడు చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలు ముందు పెట్టుకుని వడ్డాది పాపయ్యగారి (వపా) రంగులు కాపీ చేస్తూ చెయ్యి తిప్పుకున్నారు. వపా పుట్టింది శ్రీకాకుళంలోనే కదా, ఇక్కడి డ్రాయింగు మాస్టార్లలో చాలామందికి ఆ అభిమానం ఉంటుంది. మబ్బు అంచున గులాబీ, నీటి మీద నారింజ చార, ఈ అలవాటు మాస్టారికి అక్కడి నుంచి వచ్చిందే. ముప్పై ఏళ్లపాటు ఆదివారం ఆదివారం, ముందు సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద, ఒకే ఒక చిన్న రేవుకు వెళ్లి అక్కడే కూర్చుని వేశారు. నేను లెక్కపెట్టేసరికి 212 బొమ్మలు తేలాయి.

శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. రాష్ట్రంలో ఇంత తీరం ఇంకే జిల్లాకూ లేదు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. కళింగపట్నం, బారువ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులు; ఇప్పుడు అక్కడ లైట్‌హౌసులు మిగిలాయి. మాస్టారి రేవు అంత పేరున్నది కాదు. ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ, దాని ఉత్తరపు గట్టున అమ్మవారి గుడి, గుడి వెనక ఒక పాత దీపస్తంభం, దక్షిణాన సగం కూలిన ఉప్పు గోదాము, వరసగా తాళ్లు (తాటిచెట్లు), ఆ వెనక సరుగుడు తోట. ఇసుక మీద తెప్పలు, కొబ్బరి తాడుతో కుట్టిన పాత చెక్క పడవలు.

ఇందులో ఇప్పుడు ఉన్నవి తక్కువ. ఒక్క కారణం చెప్పమంటే చెప్పలేం. నైరుతి గాలుల కాలంలో అలలు ఈ తీరాన్ని ఏటవాలుగా కొడతాయి, ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మొగ ముందు నాలుకలాగా మేట పెరుగుతుంది, మొగ ఉత్తరానికి జరుగుతుంది. ఎక్కడైనా రాళ్ల గోడ కడితే దానికి దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. దానికి తోడు తుపాన్లు: 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెక్క పడవల చోటికి ఫైబర్ బోట్లు వచ్చాయి, వాటిని ఇసుక మీదికి లాగడానికి ట్రాక్టర్లు వచ్చాయి. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పెద్ద పోర్టుకు శంకుస్థాపన జరిగాక, మన రేవు సంగతి ఏమవుతుందన్న మాట తీరం పొడవునా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తోంది. మాస్టారి రేవులో గోదామును సముద్రం తీసుకుంది. గుడిని లోపలికి జరిపి కొత్తగా కట్టి రంగులేశారు. తాళ్లు సగం పోయాయి. దీపస్తంభం ఒక్కటే పాత చోట ఉంది.

వచ్చిన సమస్య

మాస్టారు నా దగ్గరికి వచ్చింది ఎంపిక కోసం. 212లోంచి నలభై తీసి, “పోయిన రేవు” అని ఒక ప్రదర్శన పెట్టాలని ఆయన కోరిక. నేను ఎప్పుడూ చేసే పనే చేశాను: పట్నంలో పెట్టేముందు ఒక ఆదివారం ఊళ్లోనే, బడి వరండాలో, ముప్పై బొమ్మలు తాడుకు క్లిప్పులతో వేలాడదీశాం. ఊరివాళ్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. టీలు తాగారు. ఒక పెద్దాయన నాలుగు బొమ్మలు దగ్గరగా వంగి చూసి, మాస్టారి వైపు తిరిగి, “బొమ్మ బావుందండి మేస్టారూ. ఏ ఊరిది?” అన్నాడు.

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఇది మన రేవేనని మాస్టారు చెబితే, “అలాగేటండీ. సముద్రం ఏ ఊర్లో అయినా సముద్రమే కదా” అని సర్దుకున్నాడు.

మాస్టారు ఆ రోజు నాతో మరి మాట్లాడలేదు. క్లిప్పులు తీసి బొమ్మలు దస్త్రంలో పెట్టడం కూడా నాకే వదిలేశారు. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి, “బాబూ, ఏ ఊరిదో తెలియని రేవు పోతే ఎవడికి నష్టం? నేను ముప్పై ఏళ్లు ఏం వేసినట్టు?” అన్నారు. నా కేసు అక్కడి నుంచి మొదలు.

మొదటి అంచనా: రంగు పోయింది

నా చేతిలో సుత్తి ఉంది కాబట్టి నాకు మేకు కనిపించింది. పాత బొమ్మల్లో ఆకాశం వెలిసిపోయి ఉంది. ట్యూబులు, డబ్బాలు చూపించమన్నాను. మొదటి పదిహేనేళ్లు వాడింది పిల్లల పోస్టర్ కలర్లు, విద్యార్థుల రకం నీటిరంగులు. గులాబీకి అలిజరిన్ క్రిమ్సన్. ట్యూబు మీద పీఆర్ 83 అని ఉంటే అదే. వెలుతురుకు నిలవని రంగుల్లో దీనికి పేరుంది. పలచగా పూస్తే ఇంకా తొందరగా పోతుంది. మాస్టారు వేసేది పలచగానే. గులాబీ పోయి నీలం, పసుపు మిగిలితే ఉదయం కాస్తా వర్షాకాలపు మధ్యాహ్నం అయిపోతుంది. పైగా సముద్రపు తుంపర ఎండి కాగితంలో ఉప్పు మిగిలింది. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది, తేమ ఉన్నచోట బూజు, గోధుమ మచ్చలు.

జనం గుర్తుపట్టకపోవడానికి ఇదే కారణం అనుకున్నాను. బూజు మెత్తటి కుంచెతో దులిపి, తేమ లాగే సిలికా జెల్‌తో డబ్బాల్లో ఆరబెట్టి, మచ్చలు తక్కువున్నవి ఏరాను. అలిజరిన్ బదులు క్వినాక్రిడోన్ గులాబీ, అంటే పీవీ 19 అని రాసి ఉన్నది, కొనమన్నాను. సంరక్షణగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. కానీ సమస్యకూ దీనికీ సంబంధం లేదు. పోయిన ఏడాది వేసిన, రంగు చెక్కుచెదరని బొమ్మలు కూడా ఆ వరండాలో ఉన్నాయి. ఆ పెద్దాయన వంగి చూసిన నాలుగింటిలో రెండు అవే. ఇది నా నోటు పుస్తకంలో మొదటి రోజే రాసి ఉంది. చదువుకోవడానికి రెండు నెలలు పట్టింది.

రెండో ప్రయత్నం: ఫొటోలు

ఉన్నదున్నట్టు లేదేమో, ఊహ ఎక్కువైందేమో అనుకుని ఊళ్లో పాత ఫొటోలు సేకరించాం. పెళ్లిళ్లవి, పండగలవి, ఫోన్లలోవి. పెళ్లి ఫొటోల్లో రేవు ఎప్పుడూ ఎవరో ఒకరి భుజాల వెనకే ఉంటుంది. ఫోన్ ఫొటోల తంటా వేరు. ఫోన్ కెమెరా మామూలు లెన్సు విశాలంగా పట్టేది. దగ్గరున్న ఇసుక అడుగున సగం ఆక్రమిస్తుంది, దూరంగా ఉన్నవన్నీ చీమలవుతాయి. కంటితో చూస్తే నిలువెత్తుగా అనిపించే దీపస్తంభం ఫొటోలో అగ్గిపుల్ల.

మాస్టారు శ్రద్ధగా ఎనిమిది బొమ్మలు ఫొటోలు చూసి వేశారు. చేయి బాగుంది, బొమ్మలో ప్రాణం లేదు. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లకు చూపిస్తే, “మా ఫోన్లో ఉన్నదే కదండీ” అన్నారు. గుర్తుపట్టారు, నిజమే, కానీ ఫొటోని గుర్తుపట్టారు.

మూడో ప్రయత్నం, పూర్తిగా నా తప్పు

అప్పుడు నేను, జ్ఞాపకంలోంచి పెద్దగా వెయ్యమన్నాను. ఆరడుగుల కాన్వాసు, నూనె రంగులు. ఊరు మొత్తం ఒక్క బొమ్మలో: గోదాము, గుడి, తాళ్లు, పడవలు, వల బాగుచేసుకుంటున్న మనుషులు. నా లెక్క ఏమిటంటే, చిన్న కాగితం మీద నీటిరంగు ఒక క్షణాన్నే పడుతుంది, పోయిన ఊరికి క్షణం సరిపోదు.

రెండున్నర నెలలు పట్టింది. పూర్తయ్యాక చూస్తే సినిమా సెట్టింగులా ఉంది. అన్నీ ఉన్నాయి, అన్నీ అందంగా ఉన్నాయి, అన్నీ మనవైపే చూస్తున్నాయి. గోదాముకు మూడు కమానులు వేశారు. వరండాలో పెట్టగానే గొడవ మొదలైంది: రెండే అని ఒకరు, మూడు అని ఒకరు, అసలు కమానులే లేవు, రాతి దూలాలని ఇంకొకరు. గుడి మెట్ల దగ్గర మరో గొడవ. గంటలో మాస్టారి బొమ్మ పక్కకు పోయి పాత భూమి తగాదా ఒకటి బయటికొచ్చింది. పోయినదాని రూపం గురించి అడిగితే ఎవరి మనసులో ఉన్నది వాళ్లు చెబుతారు. ఇంతకాలం ఈ పని చేసి ఇది నాకు తెలియకపోవడం సిగ్గుచేటు. కాన్వాసు, రంగుల ఖర్చు నేనే పెట్టుకున్నాను. మాస్టారు వద్దన్నా సరే.

ఇసుక మీద గీత

మలుపు చదువుతో వచ్చింది కాదు. కాన్వాసు వెనక్కి తీసుకెళ్లడానికి ఆటో కోసం ఎదురుచూస్తూ, వల కుట్టుకుంటున్న ఒక ముసలాయన పక్కన కూర్చున్నాను. ఊసుపోక, మేట ఉన్న మొగలోకి చీకట్లో బోటు ఎలా తెచ్చేవారు అని అడిగాను. ఆయన వల కింద పెట్టి, పుల్ల తీసుకుని ఇసుక మీద గీశాడు. ఒక అడ్డగీత, దాని మీద ఒక చిన్న గోపురం, ఒక కర్ర.

“గుడి వొచ్చి దీపం స్తంభం మీద ఎక్కాల. రెండూ ఒకటైపోవాల. అలగే గుడి దాక వొచ్చీసి మొగలోకి మళ్లాల. గుడి కుడికాసి జారిపోనాదంటే మేట మీదికి ఎల్లిపోతన్నట్టే.”

నేను ఆ గీత చూసి, పెద్దాయన తికమకపడ్డాడనుకున్నాను. గుడిని మొగకు కుడిపక్క గీశాడు. మాస్టారి 212 బొమ్మల్లో, నాకు గుర్తున్నంత వరకు, గుడి ఎప్పుడూ ఎడమ పక్కే. “ఎడమ కదా తాతా?” అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. “సముద్రంలోంచి రా” అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఒడ్డున నిలబడి తూర్పుకు, నీళ్ల వైపు చూస్తే ఉత్తరం ఎడమచేతి వైపు. నీళ్లలోంచి ఒడ్డును చూస్తే అదే ఉత్తరం కుడిచేతి వైపు. వేటకెళ్లే మనిషికి రేవు అంటే రోజంతా అలసిపోయి తిరిగొస్తుంటే ఎదురుగా పెరిగే గీత. మాస్టారికి రేవు అంటే ఒడ్డున కూర్చుంటే ఎదురుగా ఉండే నీళ్లు. ఆయన ముప్పై ఏళ్లు వేసింది రేవును కాదు, రేవులోంచి కనిపించే సముద్రాన్ని. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయమైనది.

ఆ రాత్రి బొమ్మలన్నీ మళ్లీ తీశాను. 212లో 187 సముద్రం వైపు చూసినవి. అన్నీ తెల్లవారుజాములే; మన తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, నీళ్లలో దిగడు. (పట్నంలో ఫ్రేములు అమ్మే దుకాణంలో వీటినే “సన్‌సెట్” అని అమ్మారట. కొన్నవాళ్లూ అలాగే కొన్నారు.) ఇంకో సంగతి తేలింది. ఒక్క బొమ్మలో కూడా మహేంద్రగిరి లేదు. 1,501 మీటర్ల కొండ, గాలి శుభ్రంగా ఉన్న రోజున సముద్రంలోంచి చూస్తే పడమటి దిక్కునంతా అదే ఏలుతుంది, ముప్పై ఏళ్లు మాస్టారి వీపు వెనక ఉంది. ఊళ్లో గూని తాడి అని పిలిచే ఒక వంకర తాటిచెట్టు ఉండేది. తిత్లీకి పడిపోయింది. అది కూడా ఏ బొమ్మలోనూ లేదు. ఎందుకు లేదని అడిగితే మాస్టారు చాలాసేపు ఆలోచించి, “దాని మొదట్లో కూర్చునే కదా బాబూ నేను వేసింది” అన్నారు.

పనిచేసిన పద్ధతి

ఇక్కడి నుంచి ప్రతి నిర్ణయానికీ కారణం రాస్తాను, ఎందుకంటే ఇంకెవరైనా చేయాలనుకుంటే అవే పనికొస్తాయి.

ముందు, చూసే చోటు. ఒడ్డుకు దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో బోటు ఆపి, ఒడ్డునంతా ఒక పొడవాటి పట్టీగా గియ్యాలి. కొత్త ఆలోచనేమీ కాదు. పాత నావిక పటాల అంచుల్లో, సముద్రంలోంచి ఒడ్డు ఎలా కనిపిస్తుందో చూపే సన్నటి బొమ్మలు ఉండేవి. కెమెరాలు రాకముందు నావికా అధికారులకు డ్రాయింగు నేర్పింది ఇందుకే. మాస్టారికి ఈ ముక్క చెప్పగానే మొహం వెలిగింది. డ్రాయింగు మాస్టారికి ఓడలో ఉద్యోగం ఉండేదన్నమాట.

తర్వాత, కొలత. మూడు కిలోమీటర్ల ఒడ్డును ఒకటిన్నర మీటర్ల కాగితం మీదికి దించితే రెండు వేలవ వంతు. అంటే ఇరవై మీటర్ల తాటిచెట్టు ఒక సెంటీమీటరు. గుడి అందులో సగం. మొదటి పట్టీ ఉన్న కొలత ఉన్నట్టు గీస్తే, తెల్ల కాగితం మీద ఎవరో పెన్సిలు జార్చినట్టుంది. బోటులోంచి మాత్రం అంత సన్నగా అనిపించదు; ఒడ్డు కోసం వెతికే కన్ను నిలువును పెంచి చూస్తుంది. నిలువు కొలతను ఎంత పెంచాలి? నేను లెక్క కట్టలేదు, అడిగాను. ఒకే పట్టీని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఎత్తుతో జిరాక్సు తీయించి, ఐదుగురు పాత సరంగులకు, అంటే బోటు నడిపినవాళ్లకు, విడివిడిగా చూపించాను. నలుగురు మూడింతలది పట్టుకున్నారు. నాలుగింతలది చూసి ఒకాయన, “ఇది ఒడిశా కొండల్లా ఉంది” అన్నాడు. మూడింతలే ఖాయం చేశాం. అప్పుడు తాడి మూడు సెంటీమీటర్లు, మహేంద్రగిరి దానికి మూడింతలకు పైన.

సమయం. పొద్దున్న ఎండ సముద్రం వైపు నుంచి నేరుగా ఒడ్డు మీద పడుతుంది. గోడలు, తలుపులు స్పష్టంగా కనిపిస్తాయి, కానీ ముందున్నదీ వెనకున్నదీ అతుక్కుపోతాయి. సాయంత్రం ఒడ్డంతా నల్లటి ఆకారం, వివరం ఉండదు, ఏ చెట్టు ఎక్కడుందో మాత్రం గీత గీసినట్టు. రెండూ కావాలి. అందుకే పొద్దున్న వివరాలు, సాయంత్రం ఆకారాలు, వేరువేరు కాగితాల మీద. అక్టోబరు, నవంబరుల్లో వాన వెలిసిన మర్నాడు కొండ తేటగా కనబడుతుంది, మార్చి తర్వాత పొగమంచులాంటి మసకే. కొండ భాగానికి ఆ రెండు నెలలే ఎదురుచూశాం.

రంగులు బోటులో వద్దన్నాను. మొదటిసారి మాస్టారు నా మాట వినకుండా పెట్టె తెచ్చుకున్నారు. అల ఒకటి ఊపేసరికి నీళ్ల గిన్నె ఒళ్లో పడింది, తర్వాత కాసేపటికి పొద్దున తిన్న ఇడ్లీ కూడా బయటికొచ్చింది. అట్ట మీద రబ్బరు బ్యాండ్లు వేసిన చిన్న కాగితాలు, 2బి పెన్సిలు, అంతే. బోటు కొట్టుకుపోతుంది కాబట్టి ఇరవై నిమిషాలకోసారి మళ్లీ అదే చోటికి రావాలి. ఆ చోటును బోటు నడిపే కుర్రాడి జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నాం. ఈ జీపీఎస్ వచ్చాకే గుడి, స్తంభం గుర్తులు కుర్రాళ్లకు అక్కర్లేకుండా పోయాయి. ఆ మాట ముసలాయనతో అంటే, “బేటరీ ఐపోతే మళ్లీ గుడే” అన్నాడు.

అసలు కష్టం, లేనివాటిని ఎక్కడ పెట్టాలన్నది. పాత గుడి లేదు, గోదాము లేదు, గూని తాడి లేదు. కాన్వాసు గొడవ గుర్తుంది కాబట్టి ఈసారి ప్రశ్న మార్చాను. “గుడి ఎలా ఉండేది?” అని అడగలేదు. “ఎక్కడి నుంచి చూస్తే గుడి దేని మీద ఎక్కేది?” అని అడిగాను. మొదటి ప్రశ్నకు ఐదుగురు ఐదు జవాబులు చెప్పిన ఊళ్లో, రెండో ప్రశ్నకు ఐదుగురూ ఒకే జవాబు చెప్పారు. కారణం కష్టమైనదేమీ కాదు. మెట్లు ఎన్నో తప్పు గుర్తుంటే ఎవరికీ ఏమీ కాదు. గుడి, స్తంభం ఒకటయ్యే గీత తప్పు గుర్తుంటే బోటు మేటకు తగిలి తిరగబడుతుంది. ప్రాణం ఆధారపడిన జ్ఞాపకం నిక్కచ్చిగా నిలిచింది.

స్తంభం ఇప్పటికీ ఉంది కనుక, పాత గీత మీదికి బోటు తెచ్చి ఆపాం. ముసలాయన ముందు కూర్చుని, ఇంకొంచెం దక్షిణం, ఇంకొంచెం, ఆపు, అన్నాడు. ఏ గుర్తుతో చెప్పాడో నాకు తెలియలేదు; వెనకున్న కొండ మీద ఒక మడతను చూస్తున్నాడని తర్వాత చెప్పాడు. అక్కడి నుంచి స్తంభానికి సూటిగా ఒక గీత. ఇంకో పాత సరంగుతో, వేరే రోజు, వేరే గుర్తుల జతతో ఇంకో గీత. రెండూ కలిసినచోట పాత గుడి. మొగ కాస్త అటూ ఇటూ అయినా ఆ చోటు ఇప్పుడు నీళ్లలో, అల విరిగే వరసకు కొంచెం ఇవతల ఉంది. మాస్టారు బోటులో లేచి నిలబడబోతే కుర్రాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఇప్పటి ఒడ్డు అడుగు పట్టీ. దాని మీద పారదర్శకమైన ట్రేసింగ్ షీట్లు: తిత్లీకి ముందు, పైలిన్‌కు ముందు, అంతకుముందు. సంవత్సరాలు అడిగితే ఎవరికీ గుర్తుండవు, తుపాన్లు అందరికీ గుర్తుంటాయి. అందరూ ఒప్పుకున్నది నిండు గీత, ఒక్కరే చెప్పింది చుక్కల గీత. గోదాము కమానుల దగ్గర మాస్టారు మూడు వేసేద్దాం అన్నారు. ఆయనకు మూడే గుర్తు. నేను ఒప్పుకోలేదు. గోడ బయటి గీత గీసి లోపల ఖాళీ వదిలేయమన్నాను. ఖాళీగా ఉంటే చూసినవాళ్లు ఇంకేదైనా చెబుతారు. మూడు వేస్తే మూడే నిలుస్తాయి, రేపు పిల్లలు అదే నిజమనుకుంటారు. దీని మీద మా ఇద్దరికీ వారం మాటల్లేవు. చివరికి ఖాళీయే ఉంచారు, కానీ రంగు వేసేటప్పుడు ఆ ఖాళీలో మిగతా కాగితం కంటే కాస్త వెచ్చటి తెలుపు వేశారు. ఆయన తృప్తి ఆయనది.

మళ్లీ వరండాలో

ఐదు పట్టీలు అయ్యాక అదే వరండా. ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు. వేళ్లు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. “ఇక్కడికి వచ్చాక ఇంజను తగ్గించీవాళ్లం.” “గూని తాడి ఇంకొంచెం వంగాల.” మొదటిసారి ఏ ఊరిదని అడిగిన పెద్దాయన పట్టీ ముందు నిలబడి, తలను కుడికీ ఎడమకీ మెల్లగా జరిపి చూశాడు, బోటులో ఉన్నట్టు. ఏమీ అనలేదు. వెళ్లిపోయేటప్పుడు మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు.

ఇక్కడితో ఆపేస్తే కేసు విజయవంతం అని రాసుకునేవాణ్ణి. చేపల గంపతో వచ్చిన ఒకావిడ ఐదు పట్టీలూ ఓపిగ్గా చూసి, “మగోళ్ల ఊరు గీసినారు మేస్టారు. మా ఊరేదీ?” అంది.

ఆవిడ చెప్పింది నిజం. ఆడవాళ్లు వేటకు వెళ్లరు. వాళ్లకు రేవు అంటే బోటు ఒడ్డుకు తగిలాక మొదలయ్యేది: చేపల వేలం పాట పాడే చోటు, చేప ఆరబెట్టే ఇసుక, మంచినీళ్ల బావి, సరుగుడు తోటలోంచి రోడ్డెక్కే దారి, గంప దించుకునే రాయి. పట్టీలో అవన్నీ ఒక మిల్లీమీటరు. ఒక చోట తప్పిన చూపును సరిచేశాననుకుని ఇంకో తప్పు చూపును ఖాయం చేశాను. ప్రశ్న అడిగిన ఐదుగురూ మగవాళ్లేనన్నది నా నోటు పుస్తకంలోనే ఉంది. ఇదీ చదువుకోలేదు.

నేర్చుకున్నది

ఇప్పుడు ఏ చిత్రకారుడు పోతున్న చోటు గురించి వచ్చినా, బొమ్మలు చూడకముందే ఒకటి అడుగుతాను: మీరు ఎక్కడ కూర్చుంటారు, మీ వీపు వెనక ఏముంది? చెరువులకూ, కొండ ఊళ్లకూ కూడా ఈ ప్రశ్న పనిచేసింది. గుర్తుల జతలు అడిగే పద్ధతి మాత్రం అన్ని చోట్లా పనిచేయదు. దానికి ఆ చోటును చూపుతో కొలిచి వాడుకున్న మనుషులు ఉండాలి. ఊరివాళ్లకు ముందుగా చూపించడం నేను ఎప్పుడూ చేసేదే, కానీ ఇదివరకు వాళ్ల మెప్పు కోసం చూసేవాణ్ణి, ఇప్పుడు వేలు ఎక్కడ పెడతారో చూస్తాను. ఇక ఆ 187 తెల్లవారుజాములూ వ్యర్థమని నేను అనను. మాస్టారు అంటారు. వాటిలో పదకొండు నాకు చాలా ఇష్టం, ఒకటి నా గదిలో ఉంది.

ప్రదర్శన ఇంకా జరగలేదు. మాస్టారు ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆ గంప ఆవిడ వెనక, బావి నుంచి రోడ్డు దాకా నడుస్తున్నారు. ఆవిడ ఆగినచోటల్లా ఆగి గీస్తున్నారు. దారి పట్టీ ఎంత పొడవు రావాలో మాకింకా తేలలేదు, ఎందుకంటే గంప నిండుగా ఉన్న రోజు దారి ఎక్కువని ఆవిడ అంటుంది, ఆ లెక్కను కాగితం మీద ఎలా పెట్టాలో నాకు తెలియలేదు.

సముద్రం పట్టీ జిరాక్సు ఒకటి లామినేట్ చేయించి వలల పాకలో కట్టాం. పోయిన నెల వెళ్తే దాని మీద ఎవరో బాల్‌పెన్నుతో, సరుగుడు తోటకు ఇవతల, ఒక నిలువు గీత గీసి ఉన్నారు. కొత్తగా వేసిన సెల్ టవర్. దాని పక్కన ఒక బాణం, మొగ ఇప్పుడున్న చోటికి. మాస్టారికి కోపం వచ్చింది, తుడిచేయడానికి గుడ్డ కూడా తీశారు. తర్వాత పాకలోంచి బయటికొచ్చి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని టవర్ వైపు చూసి, గీసినవాడు దాన్ని కాస్త దక్షిణంగా పెట్టాడని అన్నారు.